మోగే గిటారు, పలికే గిటారు

నెల్లూరు తీరపు ఊళ్లలో పాటకచేరి ముగిశాక, జనం ఇళ్లకు పోతూ చెప్పుకునే మాటలు వింటే అసలు సంగతి బయటపడుతుంది. పాడినమ్మాయి గొంతు గురించి మాట్లాడుకుంటారు. ప్యాడ్స్ వాయించినతని చేతివేగాన్ని మెచ్చుకుంటారు. గిటారు మాటెత్తితే మాత్రం "వాయిస్తానే ఉండాడు గానీ ఏం తెలీలా" అంటారు. ఆ మాటను కొట్టిపారేయలేం. రెండున్నర గంటలసేపు ఆ కుర్రవాడు వేళ్ల కొసలు మండేదాకా వాయించాడు. స్పీకర్లలోంచి గిటారు శబ్దం వస్తూనే ఉంది. అయినా అది పాటలో ఒక గొంతుగా నిలబడలేదు. వాద్యాలకు మనం రెండు క్రియలు వాడతాం. డప్పు మోగుతుంది, గంట మోగుతుంది, వీణ పలుకుతుంది. ఈ తీరంలో వేదికలెక్కే ఎలక్ట్రిక్ గిటారు చాలాసార్లు మోగి ఊరుకుంటోంది.

కారణమేమిటని అడిగితే మూడు వైపులనుంచి మూడు జవాబులొస్తాయి. వాయించేవాళ్లు మైకుసెట్టాయన మీద పెడతారు. "గిటార్‌లోనుంచే అట్టా వస్తా ఉంటే నేనేం చేసేది" అని ఆయనంటాడు. వాద్యాలమ్మే కొట్లో ఇంకో పెడల్ చూపిస్తారు. మూడింట్లోనూ కొంత నిజముంది. అయితే ముగ్గురూ దాటిపోయే సంగతి ఒకటుంది: గదిలో ఒక్కడే కూర్చుని వాయించుకునేటప్పుడు చెవికి నిండుగా, తియ్యగా తోచే ధ్వనే, పదిమంది వాద్యగాళ్ల మధ్యకు వచ్చేసరికి ముందుగా మునిగిపోతుంది. స్పష్టత కోసం చేసే ప్రయత్నమంతా చివరికి చోటు కోసం చేసే సర్దుబాటే. ఈ సమీక్ష ఆ సర్దుబాటు ఎక్కడెక్కడ చెడుతోందో చూసే ప్రయత్నం.

నెల్లూరుకు గిటారు నిన్నమొన్న వచ్చిన వస్తువేమీ కాదు. 1946 జూన్ 4న నెల్లూరులో పుట్టిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సినిమాల్లో స్థిరపడకముందు ఒక లైట్ మ్యూజిక్ బృందానికి నాయకుడు. అందులో ఇళయరాజా మొదట గిటారు, తర్వాత హార్మోనియం వాయించారు. గంగై అమరన్ గిటారు, భాస్కర్ తాళవాద్యాలు, అనిరుత్త హార్మోనియం. ఆ కూర్పును ఒక్కసారి పరిశీలనగా చూడండి. ఒక గొంతు, గిటారు, హార్మోనియం, తాళం. గిటారుతో ఒకే స్థాయిలో తగవు పడగల వాద్యం హార్మోనియం ఒక్కటే. నేటి ఆర్కెస్ట్రాలో రెండు కీబోర్డులుంటాయి, బేస్ గిటారు ఉంటుంది, డ్రమ్స్, రిథమ్ ప్యాడ్స్, తబలా, డోలక్ ఉంటాయి, ల్యాప్‌టాప్‌లోంచి నడిచే ట్రాక్ ఉంటుంది. గిటారు అదే ఆరు తీగల గిటారు. దాని చుట్టూ జనసాంద్రత మాత్రం పదింతలైంది.

ఇంకో దారిలోనూ గిటారు ఈ నేలలో వేళ్లూనుకుంది. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు చేరాడు. తర్వాతి కాలంలో లోన్ స్టార్ మిషన్‌గా పేరొందిన పని అక్కడే మొదలైంది. ఆ తర్వాత తరతరాలుగా ఇక్కడి చర్చిల్లో తెలుగు కీర్తన, పాశ్చాత్య వాద్యం పక్కపక్కనే పెరిగాయి. పెళ్లి ఆర్కెస్ట్రాకు ముహూర్తాలుండాలి, తిరునాళ్లకు తిథి రావాలి. చర్చిలో గిటారుకు ప్రతి ఆదివారమూ పని ఉంటుంది. తీరంలోని యువ గిటారిస్టులు ఎందరికో మొదటి వేదిక అదే. అక్కడ ఆరాధన పాటకు కీబోర్డు పట్టే పొడవాటి ప్యాడ్ స్వరాలు, వాటికింద మెల్లగా సాగే గిటారు కార్డులు రెండూ ఒకే ఎత్తున పారుతూ ఒకదాన్నొకటి కప్పేస్తాయి. సభలో ఉన్నవాళ్లకు ఒక హాయైన మోత వినిపిస్తుంది గానీ అందులో తీగ ఎక్కడుందో తెలియదు.

ఇక్కడ కొన్ని లెక్కలు అవసరం. మామూలు శ్రుతిలో గిటారు అడుగు తీగను ఊరకే మీటితే 82 హెర్ట్జ్. పై తీగ 330 హెర్ట్జ్. 24 మెట్లున్న గిటారులో అన్నిటికన్నా పై స్వరం 1,319 హెర్ట్జ్. మనిషి గొంతు, కీబోర్డు ఎడమచేయి, హార్మోనియం, తబలాలో దాయా అన్నీ ఈ ఇంట్లోనే కాపురముంటాయి. బేస్ గిటారు 41 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. డ్రమ్స్‌లో కిక్ దెబ్బకు బరువంతా దాదాపు 60 నుంచి 100 మధ్య ఉంటుంది. అంటే గిటారులో 100 హెర్ట్జ్ కిందున్న భాగం పాటకు ఏమీ కలపదు, బేస్ కాళ్లకు అడ్డం పడుతుంది. 200 నుంచి 400 దాకా ఉన్న ప్రాంతం ఇంకా ప్రమాదకరం. నిండుదనం అక్కడే పుడుతుంది. నలుగురు వాద్యగాళ్లు ఒకేసారి నిండుదనం కోరితే మైకుసెట్టువాళ్లు "మడ్డీగా ఉంది" అనే ఆ బురద కూడా అక్కడే పుడుతుంది. తీగను మీటిన క్షణం, గోరు తగిలిన చప్పుడు, స్వరం మొదలైందన్న ఆనవాలు సుమారు 1,500 నుంచి 4,000 హెర్ట్జ్ దాకా ఉంటాయి. చెవి గిటారును గుర్తుపట్టేది వీటితోనే. పాట మాటల్లో హల్లులు తెలిసేదీ ఈ చోటే. గాయకుడూ గిటారిస్టూ ఒకే కిటికీలోంచి తొంగిచూడాలి. పాట నడుస్తున్నప్పుడు కిటికీ గాయకుడిది, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బిట్టులో గిటారుది. ఇది తెలిసిన వాద్యగాడు చరణం నడిచేటప్పుడు తన వాల్యూమ్ నాబ్‌ను చిటికెన వేలితో కాస్త కిందికి తిప్పుతాడు. బిట్టు రాగానే మళ్లీ పైకి తెస్తాడు.

ఇంట్లో సాధన చేసేటప్పుడు జరిగే పొరపాటు దగ్గరికి వద్దాం. పదిమందికీ ఇబ్బంది కాకుండా చిన్న సౌండ్‌లో వాయించుకునే కుర్రవాడి ఆంప్లిఫయర్ మీద మూడు నాబ్‌లుంటాయి. బేస్ ఏడు మీద ఉంటుంది, ట్రెబుల్ ఎనిమిది మీద, మధ్యదైన మిడ్ రెండు మీద. అతని చెవి అతన్ని మోసం చేయలేదు. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ చేసిన ప్రయోగాల నాటినుంచి తెలిసిన విషయమిది: శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి అడుగు స్వరాలు, మరీ పై స్వరాలు సరిగ్గా ఆనవు. అందుకని ఆ రెండూ పెంచితేనే నిండుగా తోస్తుంది. అదే అమరికతో వేదికెక్కి సౌండ్ పెంచేసరికి అడుగు ఉబ్బిపోతుంది, పైది గుచ్చుకుంటుంది, గిటారు అసలు గొంతున్న మధ్యభాగం ఖాళీగా మిగులుతుంది. సౌండ్ చెక్‌లో మైకుసెట్టాయన మిడ్‌ను రెండునుంచి ఆరుకు, బేస్‌ను ఏడునుంచి నాలుగుకు తిప్పితే కుర్రవాడి ముఖం మాడిపోతుంది. "టోన్ పోయిందన్నా, ముక్కుతో పాడినట్టుంది" అంటాడు. ఒంటరిగా వింటే నిజంగానే అలా ఉంటుంది. డ్రమ్స్, బేస్ మొదలయ్యాక ఆ ముక్కుగొంతే గుంపులోంచి తల బయటపెడుతుంది.

డిస్టార్షన్ సంగతి ఇంకా ముఖ్యం. గిటారు నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది మొదట కొనే పెడల్ అదే. స్వరాన్ని పగలగొట్టి దానికి లేని ఉపస్వరాలను చేర్చడమే దాని పని. ఒక్క తీగ మీద వాయిస్తే ఆ చేర్పు స్వరానికి బలమిస్తుంది. రెండు మూడు స్వరాలు కలిపితే, వాటి మొత్తాలూ తేడాలూ కూడా కొత్త స్వరాలై పుట్టుకొస్తాయి. షడ్జమం, పంచమం కలిపి మోగిస్తే తేడాగా పుట్టేది కింది షడ్జమం. అందుకే రాక్ సంగీతంలో ప్రసిద్ధమైన పవర్ కార్డు స–ప–స మాత్రమే, అందులో గాంధారం ఉండదు. గాంధారం చేర్చితే, గిటారు మెట్ల మీద అది శుద్ధమైన నిష్పత్తికి కొంచెం ఎడంగా కూర్చుంటుంది గనక, పుట్టిన తేడాస్వరాలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. కార్డు ముద్దవుతుంది. సినిమా పాటలకు కావలసిన కార్డులు మూడు నాలుగు స్వరాలవి. వాటికి డిస్టార్షన్ సగానికి తగ్గించడం తప్పనిసరి. గదిలో ఎంత గెయిన్ బాగుందనిపిస్తే, వేదిక మీద దానిలో సగం చాలు. ఈ ఒక్క సలహా పాటిస్తే చాలా ఆర్కెస్ట్రాల్లో గిటారు ఆ రాత్రికే బాగుపడుతుంది. సోలో వచ్చినప్పుడు సౌండ్ పెంచే బూస్టర్‌ను డిస్టార్షన్‌కు ముందు పెట్టేవాళ్లున్నారు. అక్కడ పెడితే పగుళ్లు పెరుగుతాయి తప్ప ధ్వని పెద్దదవదు. తర్వాత పెడితే నాలుగు డెసిబెల్స్ పెంచినా సోలో ముందుకొచ్చి నిలబడుతుంది.

విద్యుత్ తీగవాద్యాన్ని పలికించడంలో తెలుగువాళ్లకు ఒక గొప్ప ఉదాహరణ ఉంది, గిటారులో మాత్రం కాదు. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టిన మాండలిన్ ఉప్పలపు శ్రీనివాస్. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసులు. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడి చెబితే, కుర్రవాడు దాన్ని మాండలిన్ మీద పలికించేవాడు. అంటే పాఠం మొదలైందే గొంతుతో. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేశారు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. పాశ్చాత్య మాండలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జంటలుగా. మీటిన స్వరం వెంటనే చచ్చిపోతుంది. గమకం కోసం తీగను పక్కకు లాగితే జంటలో రెండూ ఒకే కొలతలో సాగవు. స్వరం రెండుగా చీలుతుంది. శ్రీనివాస్ జంటలు తీసేసి, ఒంటి తీగలు అయిదు కట్టించిన ఘనదేహపు ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నారు. విద్యుత్తు ఆయనకిచ్చింది బిగ్గరతనం కాదు, నిలకడ. ఒక్క మీటుతో స్వరం నిలిచి ఉంటే దాని మీద గమకం తిప్పవచ్చు. తర్వాతి రోజుల్లో రిమెంబర్ శక్తి బృందంలో జాన్ మెక్‌లాగ్లిన్ ఎలక్ట్రిక్ గిటారు పక్కన, జాకిర్ హుస్సేన్ తబలా ముందు కూర్చుని వాయించినప్పుడు కూడా ఆ అయిదు తీగల్లో ఏ స్వరమూ పక్కస్వరంలో కలిసిపోలేదు. 2014 సెప్టెంబరు 19న 45 ఏళ్లకే ఆయన వెళ్లిపోయారు. గిటారు నేర్చుకునే నెల్లూరు పిల్లలు రాక్ గిటారిస్టులతోపాటు ఆయన రికార్డింగుల్నీ శ్రద్ధగా వినాలి. తీసేయడం వల్ల ఏమొస్తుందో అక్కడ అర్థమవుతుంది.

బయటి ప్రపంచమూ ఈ కష్టం పడే నేర్చుకుంది. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ వాయించినప్పుడు వచ్చిన జనం 55 వేలకు పైమాటే. వాళ్ల గిటార్ల వెనకున్నవి 100 వాట్ల వాక్స్ ఆంప్లిఫయర్లు. జనం అరుపుల్లో ఎవరు ఏం వాయిస్తున్నారో వాళ్లకే వినబడలేదు. తొమ్మిదేళ్లు తిరిగేసరికి, 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం వాల్ ఆఫ్ సౌండ్ అన్న స్పీకర్ల గోడ కట్టింది. దాని పరిమాణం చూసి అంతా ఆశ్చర్యపోయారు గానీ, అందులోని ఆలోచన వేరు: ఒక్కో వాద్యానికి ఒక్కో స్పీకర్ల వరస, ఒకదానిలోకి ఇంకోటి రాకూడదు. అంత ఖర్చు ఎవరూ పెట్టుకోలేక ఆ గోడ కొద్ది నెలల్లోనే కూలింది. ఒక్కో వాద్యానికి దాని చోటు దానికి ఉండాలన్న సూత్రం మాత్రం మిక్సింగ్ టేబుల్ మీదికి వచ్చి స్థిరపడింది.

నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న మైపాడు లాంటి తీరంలో వేదిక కడితే, గిటారు తీగ తాకకముందే తేల్చుకోవలసింది గాలి. వేసవి సాయంత్రాల్లో గాలి సముద్రం మీదనుంచి ఒడ్డుకు వీస్తుంది. నేల దగ్గర గాలి నెమ్మది, పైన వడి ఎక్కువ. ఎదురుగాలిలోకి వెళ్లే శబ్దం పైకి వంగి జనం తలల మీదుగా పోతుంది. గాలివాటున వెళ్లేది కిందికి వంగి వెనక వరుసల దాకా చేరుతుంది. కాబట్టి సముద్రాన్ని వీపు వెనక పెట్టుకుని, జనాన్ని ఊరివైపు కూర్చోబెట్టిన వేదిక సగం గెలిచినట్టే. అటుతిప్పి కడితే వెనక కూర్చున్నవాళ్లకు ముందు పోయేవి ఆ పై స్వరాలే, అంటే గిటారు ఆనవాళ్లే. తడిగాలి శబ్దాన్ని మింగేస్తుందని చాలామంది నమ్ముతారు. వాస్తవం దానికి ఎదురు. పై స్వరాలను ఎక్కువగా హరించేది పొడిగాలి. తీరపు తేమ గిటారుకు శత్రువు కాదు, ఆ సంగతిలో అయినా.

ఊరి పండగల్లో ఇంకో చిక్కుంది. పట్టపుపాళెంలో గంగమ్మ జాతర జరిగితే వేదిక దగ్గరి స్పీకర్లతో సరిపెట్టరు, వీధి పొడవునా స్తంభాలకు హారన్లు కడతారు. ఇక్కడి ఉక్కలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. 35 మీటర్ల అవతలి హారన్‌కు తీగలో కరెంటు క్షణంలో చేరుతుంది. వేదిక మీది శబ్దం మాత్రం అక్కడికి సెకనులో పదోవంతు ఆలస్యంగా వస్తుంది. ఆ హారన్ దగ్గర నిలబడ్డవాళ్లకు ప్రతి మీటూ రెండుసార్లు తగులుతుంది. వేగంగా నడిచే గిటారు బిట్టు అక్కడ అల్లిబిల్లి అయిపోతుంది. హారన్లలోకి గాయకుడి మైకు మాత్రమే పంపి, గిటారును వేదిక స్పీకర్లకే ఉంచడం మేలు. డిజిటల్ మిక్సర్ ఉన్నచోట దూరపు స్పీకర్లకు ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి ఇవ్వవచ్చు.

వేదిక మీదికి వద్దాం. నేల మీద పెట్టిన గిటారు ఆంప్లిఫయర్ 12 అంగుళాల స్పీకర్ నేరుగా వాయించేవాడి మోకాళ్లకు పాడుతుంది. పై స్వరాలు టార్చిలైటు వెలుగులా సన్నటి దారిలో సూటిగా పోతాయి. నిలబడ్డవాడి చెవికి అందవు. మొద్దుగా ఉందనుకుని అతను ట్రెబుల్ పెంచుతాడు. ఆ సన్నటి దారిలో ఎదురుగా ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన చెవులు మూసుకుంటాడు. దీనికి పరిష్కారం షామియానా కొట్టునుంచి వచ్చిన ప్లాస్టిక్ కుర్చీ. ఆంప్లిఫయర్‌ను దాని మీద ఎక్కించి, ముందు అంచు కింద చిన్న చెక్కముక్క పెట్టి కాస్త వెనక్కి వాల్చితే స్పీకర్ వాయించేవాడి ముఖంలోకి చూస్తుంది. తనకు తాను సరిగ్గా వినబడగానే అతని చేయి దానంతటదే ట్రెబుల్ నాబ్‌ను కిందికి తిప్పుతుంది. మైకుసెట్టాయన దాని ముందు ఒక ఎస్‌ఎం57 లాంటి మైకు పెడితే చాలు. 1965నుంచి ప్రపంచమంతా ఆ పనికి ఎక్కువగా నమ్మింది ఆ మైకునే. మైకు స్పీకర్ నడిబొడ్డును చూస్తే ధ్వని పదునుగా, అంచువైపు జరిగితే మెత్తగా ఉంటుంది. రెండంగుళాల జరుగుడులో ఉన్న తేడా ఏ పెడల్‌లోనూ దొరకదు.

చాలా ఊళ్లలో ఆంప్లిఫయరే ఉండదు. గిటారు తీగను నేరుగా మిక్సర్‌లో గుచ్చుతారు. గిటారులోని పికప్ బలహీనమైన వస్తువు. దాని ఎదుట పది లక్షల ఓముల దాకా నిరోధం ఉంటేనే అది పూర్తిగా పలుకుతుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో ఉండేది సుమారు పది వేలు. అక్కడే మెరుపు ఆరిపోతుంది. మధ్యలో డీఐ బాక్స్ అన్న చిన్న పెట్టె పెట్టడం దీనికి విరుగుడు. తీగ పొడవు కూడా లెక్కే. పది పన్నెండు మీటర్ల తీగ తానే ఒక ట్రెబుల్ తగ్గించే నాబ్‌లా పనిచేస్తుంది. ఆరు మీటర్లలోపు ఉంచుకోవడం మంచిది. ఇక డిస్టార్షన్ పెడల్‌ను నేరుగా మిక్సర్‌కు కలిపితే కందిరీగలు ముసిరినట్టుంటుంది. గిటారు స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటాక దాదాపు నోరు మూసేస్తుంది. సభకు పెట్టే స్పీకర్లు అలా మూయవు. ఆ లోటు తీర్చేదే క్యాబినెట్ సిమ్యులేషన్. 1998లో లైన్6 సంస్థ పాడ్ అన్న పెట్టెతో ఇది మామూలు వాద్యగాడి చేతికొచ్చింది. ఇప్పుడు చిన్నపాటి మల్టీ ఎఫెక్ట్ పెడల్‌లో కూడా ఉంటుంది. దాన్ని ఆన్ చేయకుండానే ఏళ్ల తరబడి వాయించేవాళ్లు కనిపించడం బాధాకరం, ఎందుకంటే అది పైసా ఖర్చులేని బాగుచేత.

హమ్మింగ్ సంగతి కరెంటుతో ముడిపడింది. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నటి రాగితీగ. తీగల కదలికతోపాటు చుట్టుపక్కల లైట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఎల్ఈడీ తెరల సరఫరాలు విడిచే గోలనూ పట్టుకుంటుంది. 1955లో గిబ్సన్ సంస్థలో సేత్ లవర్ రెండు చుట్లను ఎదురెదురుగా కలిపి ఆ గోలను రద్దుచేసే హంబకర్‌ను తయారుచేశాడు. ఒంటి చుట్టున్న స్ట్రాటోకాస్టర్ తరహా గిటారైతే వేదిక మీద నిలబడి మెల్లగా ఎడమకూ కుడికీ తిరిగి చూడాలి. ఒక దిక్కులో హమ్ సన్నగిల్లుతుంది. ఆ దిక్కు గుర్తుకు నేలమీద టేపు ముక్క అంటించుకునే వాద్యగాళ్లున్నారు. హమ్ పోవడం లేదని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును పీకేసేవాళ్లు కూడా ఉన్నారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే పని. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే ఎర్త్ లేని మైకును తడిచేతులతో తాకి వేదిక మీదే చనిపోయాడు. తీగల మీద ఒక చేయి, పెదవులకు మైకు ఆనించి పాడే ప్రతి గిటారిస్టూ ఆ ప్రమాదపు దారిలోనే నిలబడతాడు. ఇసుకలో జనరేటర్ పెట్టినప్పుడు ఎర్త్ కడ్డీ పైపై పొడి ఇసుకలో నిలిపితే లాభం లేదు, తడి తగిలేదాకా దిగాలి. ఎర్త్ తీయకుండా హమ్ పోగొట్టే మీట డీఐ బాక్స్ మీదే ఉంటుంది. గిటారు, ఆంప్లిఫయర్, పెడల్స్ అన్నీ ఒకే పవర్ బాక్స్‌నుంచి కరెంటు తీసుకుంటే సగం గోల అసలు పుట్టదు.

తీరం గిటారును నిజంగా దెబ్బతీసేది ఉప్పుతో. సముద్రపు గాలిలోని ఉప్పు, చేతి చెమట కలిసి ఉక్కు తీగల మీద రెండు వారాల్లో మచ్చలు తేలుస్తాయి. తుప్పు పట్టిన తీగకు పై స్వరాలుండవు. ఎంత ట్రెబుల్ పెంచినా లేని స్వరం రాదు, గోల పెరుగుతుంది. జాక్, నాబ్‌లు పాచిపట్టి కరకరలాడతాయి. కొత్త పెడల్ కొనే డబ్బుతో ఏడాదికి సరిపడా తీగల సెట్లు వస్తాయి. పై పొర పూసిన తీగలైతే ఇంకొంత కాలం నిలుస్తాయి.

కల్యాణ మండపంలో కథ వేరు. గ్రానైట్ నేల, అద్దాల కిటికీలు, ఎత్తయిన కాంక్రీటు కప్పు. చప్పట్లు కొడితే మోత రెండు మూడు సెకన్లు తిరుగుతుంది. 1895 ప్రాంతంలో హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ ఒక ఉపన్యాసశాల మోతను తగ్గించడానికి పక్క నాటకశాలనుంచి కుర్చీల దిండ్లు మోయించి తెచ్చి, ఎన్ని పెడితే ఎంత తగ్గుతోందో కొలిచాడు. మనుషుల బట్టలూ దేహాలూ కూడా ఆ దిండ్లలాంటివే. ఖాళీ మండపంలో మధ్యాహ్నం చేసిన సౌండ్ చెక్, రాత్రి జనం నిండాక పనికిరాకపోవడం అందుకే. గది తానే రివర్బ్ ఇస్తున్నచోట పెడల్ రివర్బ్ ఆపేయాలి. మైపాడు ఇసుకలో గోడలే లేవు కనుక కొంచెం కలుపుకోవచ్చు. ఒకే అమరికను రెండు చోట్లా వాడేవాళ్లకు ఒకచోట గిటారు ఎండిపోతుంది, మరోచోట కరిగిపోతుంది.

వినబడకపోతే అందరూ వెతుక్కునే మందు సౌండ్ పెంచడం. గిటారు పెరిగితే కీబోర్డు పెరుగుతుంది, డ్రమ్మర్ గట్టిగా కొడతాడు, గాయకుడు మానిటర్ పెంచమంటాడు, మైకు కూత పెడుతుంది. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు తట్టుకునే చెవి, 100 దగ్గర పావుగంటే తట్టుకుంటుంది. అలసిన చెవికి ముందుగా మందగించేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కలే. వాయించేవాడికి తన గిటారు మసకబారినట్టుంటుంది, మళ్లీ పెంచుతాడు. చట్టం కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశంలో లౌడ్‌స్పీకర్లు నిషేధం. ఏడాదిలో 15 రోజులకు మించకుండా పండగలకు అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం 75 డెసిబెల్స్ దాటకూడదు. ఈ హద్దు లోపల గిటారును వినిపించాలంటే పెంచడం తప్ప వేరే విద్య రావాలి.

ఆ విద్యలో కీబోర్డు వాద్యగాడిదీ సగభాగం. గిటారు కార్డు పట్టేచోట అతను ఎడమచేయి ఎత్తేస్తే చాలు, పాటలో కిటికీ తెరిచినట్టుంటుంది. గిటారిస్టు కూడా ఆరు తీగలూ ఊడ్చకుండా పై మూడు తీగల మీద చిన్న కార్డు పట్టవచ్చు. ఇవి రిహార్సల్‌లో మాట్లాడుకోవలసిన మాటలు. చాలా బృందాలు పాటల వరస గురించి గంట మాట్లాడుకుంటాయి, ఎవరు ఎక్కడ ఆగాలో అయిదు నిమిషాలు కూడా మాట్లాడుకోవు. మైకుసెట్టాయన్ని ఆ మాటల్లోకి పిలిచేవాళ్లు మరీ అరుదు. ఏ పాటలో గిటారు బిట్టు ఉందో ఒక చీటీ మీద రాసిస్తే, ఆయన చేయి సరైన సమయానికి సరైన ఫేడర్ మీద ఉంటుంది.

సౌండ్ చెక్‌లో ఇంకొక పని చేయవచ్చు. గిటారిస్టు తన వాద్యాన్ని తోటివాడి మెడలో వేసి, వేదిక దిగి, చివరి వరుస కుర్చీల దాకా నడిచి వెళ్లి నిలబడాలి. అక్కడినుంచి వింటే తన గిటారు తనకే పరాయిగా ఉంటుంది. అడుగుస్వరాలు బేస్‌లో కలిసి గుమ్మంటుంటాయి, గాయకుడి మాటల్లో సగం గిటారు కింద పడి ఉంటాయి. ఆ కాసేపు విన్నవాడు తిరిగివచ్చి, ఎవరూ చెప్పకుండానే బేస్ నాబ్‌ను తిప్పుతాడు, నాలుగునుంచి మూడుకు, మూడునుంచి రెండున్నరకు. తర్వాత మైకుసెట్టాయన వైపు తిరిగి, "అన్నా, ఇప్పుడు పాట మాటలు తెలుస్తా ఉండాయా" అని అడుగుతాడు.